కల్పిత యంత్రములు – నిజమైన పిలుపులు

పదవ తరగతిలో లెక్కల పాఠము జరుగుచున్నది. నల్లబల్లపై సమీకరణము సగము వరకు సాధింపబడినది. ఆ సమయమున బంట్రోతు సర్క్యులరు పుస్తకము పట్టుకొని గుమ్మము కడ నిలిచినాడు. ఉపాధ్యాయుడు చేతిలోని వరుసను పూర్తిచేయును. ఎక్కడ ఆపినదియు గుర్తుంచుకొనును. సర్క్యులరు చదివి, సంతకము చేసి, పుస్తకము తిరిగి యిచ్చి, వదలిన వరుస నుండియే పాఠము సాగించును. సమీకరణములో ఒక్క అంకెయు జారిపోదు.

కంప్యూటరులోని ప్రాసెసరు దినమంతయు చేయు పని ఇట్టిదే. కీబోర్డు మీద మీట నొక్కినను, నెట్‌వర్కు తీగ వెంట కబురు వచ్చినను, డిస్కు అడిగిన సమాచారమును చదివి సిద్ధపరచినను, ఆయా పరికరము ప్రాసెసరునకు ఒక సంకేతము పంపును. దీనిని ఇంటరప్ట్ అందురు. తెలుగున అంతరాయ సంకేతము అనవచ్చును. అంతరాయమనగా విఘ్నమని నిఘంటువు చెప్పును గాని, ఇది నిజమునకు విఘ్నము కాదు, పిలుపు. ఈ పిలుపులే లేనిచో ప్రాసెసరు ప్రతి పరికరమును "నీకేమైన పని కలదా?" అని మాటిమాటికి అడుగుచు తిరుగవలసి యుండెడిది. బంట్రోతు వచ్చెనేమో చూచుటకు ఉపాధ్యాయుడు నిమిషమున కొకమారు వాకిటికి పోయినచో పాఠమేమి సాగును?

ఇంతవరకు చిక్కు లేదు. కాని నేడు పెద్ద కంప్యూటరు కేంద్రములలో ఒక్క యంత్రమే పది, ఇరువది కంప్యూటరులుగా నటించుచున్నది. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదులో ప్రారంభించిన కేంద్రముల వంటి చోట్ల అద్దెకు దొరకు కంప్యూటరులలో పెక్కు ఇట్టి కల్పిత యంత్రములే. వీనిని వర్చువల్ మెషీన్లు అందురు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒక్క ఉపాధ్యాయుడే ఐదు తరగతులకు వంతుల చొప్పున పాఠము చెప్పును. ఇచటను అంతే, అయితే ఒక విశేషము కలదు. ఇచట ప్రతి తరగతియు ఉపాధ్యాయుడు తన యొక్కదానికే ఉన్నాడని నమ్ముచుండును. బంట్రోతు మూడవ తరగతికి కబురు తెచ్చునప్పటికి ఉపాధ్యాయుడు ఐదవ తరగతిలో ఉండును. ఆ కబురు ఐదవ తరగతి చెవిని పడరాదు. మూడవ తరగతికి చేరకుండ పోరాదు. రెండుమారులు చేరరాదు. మిక్కిలి ఆలస్యముగను చేరరాదు. పైగా, నడుమ నొకరు దానిని అందుకొని అందించుచున్నారన్న సంగతి మూడవ తరగతికి తెలియకుండుటే మేలు. ఈ షరతులన్నియు ఒక్కమారుగా నెరవేరుట ఎట్లు? కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నతో అర్ధశతాబ్దమునకు పైగా పెనుగులాడిరి.

పిలుపును అందుకొను పద్ధతి

ప్రాసెసరు సాధారణముగ ఒక ఆదేశమును ముగించి మరియొకటి చేపట్టు సందులో పిలుపును గమనించును. పిలుపు ఉన్నచో, తాను తరువాత చేయవలసిన ఆదేశము యొక్క చిరునామాను, తన స్థితిని తెలుపు గుర్తులను మెమరీలో భద్రపరచును. ప్రతి పిలుపునకు ఒక సంఖ్య కలదు. ఇంటెల్ వంశపు ప్రాసెసరులలో ఈ సంఖ్యలు 0 నుండి 255 వరకు మొత్తము 256. మెమరీలో 256 గడులు గల పట్టిక యొకటి యుండును. ఏ సంఖ్య వచ్చినచో ఏ చిరునామా వద్దనున్న ప్రోగ్రామును నడుపవలెనో ఆ పట్టిక చెప్పును. ఆ ప్రోగ్రాము పిలుపునకు తగిన పని చేసి, "ఈ పిలుపు ముగిసినది" అని తెలుపును. సర్క్యులరు పుస్తకములో సంతకము వంటిదే యిది. అటుపిమ్మట ప్రాసెసరు భద్రపరచిన చోటికి మరలి, ఏమియు జరుగనట్లు పాత పనిలో దిగును.

ఉపాధ్యాయుడు "ఈ లెక్క అగు వరకు ఎవరును రావలదు" అని తలుపు మూయుటయు కలదు. ప్రాసెసరులోను అట్టి తలుపున్నది. అది ఒక్క బిట్టు. దానిని సున్న చేసినచో పిలుపులు వాకిటనే నిలుచును. ఒకటి చేసినచో లోనికి వచ్చును. ఆపరేటింగ్ సిస్టము తన ముఖ్యమైన పట్టికలను సవరించునపుడు, సగము సవరించిన స్థితిలో ఎవరును వచ్చి చూడకుండుటకై, క్షణకాలము ఈ తలుపు మూయును. ఈ ఒక్క బిట్టే తరువాతి కథలో పెద్ద చిక్కు తెచ్చినది.

పిలుపును మోసికొని వచ్చు మార్గము కాలముతో పాటు మారినది. తొలి వ్యక్తిగత కంప్యూటరులలో 8259 అను చిన్న చిప్పు ఎనిమిది తీగలపై వచ్చు సంకేతములను వరుసలో పెట్టి ప్రాసెసరునకు అందించెడిది. 1984 నాటి ఐ.బి.ఎం. పి.సి.-ఎ.టి. యంత్రములో ఇట్టివి రెండు జతపరచిరి. ఒకదాని తీగ రెండవదానికి వినియోగమగుటచే పరికరములకు పదునైదు తీగలే మిగిలినవి. తరువాత ఒక్కొక్క ప్రాసెసరునకు తన సొంత ద్వారపాలకుడు ఏర్పడినాడు. దానికి లోకల్ ఎపిక్ అని పేరు. నేటి పరికరములకు తీగయే అక్కరలేదు. అవి ప్రత్యేకించిన ఒక చిరునామాకు ఒక చిన్న సంఖ్యను వ్రాసిన చాలును, అదే పిలుపగును. తలుపు తట్టుట పోయి ఉత్తరము వేయుట వచ్చినదన్నమాట. ఈ మార్పు వలన కలిగిన లాభమును, అపాయమును ముందు కానవచ్చును.

ఈ ఏర్పాటు పాతదే. అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థ 1954లో నిర్మించిన డైసియాక్ అను కంప్యూటరు దీనిని వాడిన తొలి యంత్రములలో నొకటి. హాలండులో ఎలక్ట్రోలాజికా ఎక్స్1 అను యంత్రమునకు ఈ సౌకర్యము చేర్చుచున్నపుడు, దానికి ప్రోగ్రాములు వ్రాయవలసిన డైక్‌స్ట్రా మొదట వెనుకాడెను. ఆయన భయము సహేతుకమే. పిలుపు ఏ క్షణమున వచ్చునో ముందుగా తెలియదు. కావున ఒకమారు జరిగిన తప్పు మరల అట్లే జరుగదు. మరల జరుగని తప్పును పట్టుట ఎట్లు? ఆ చిక్కును విప్పుటయే 1959లో ఆయన సమర్పించిన డాక్టరేటు వ్యాసములోని ముఖ్య విషయము. కల్పిత యంత్రములలో ఈ అనిశ్చయము రెండింతలగును. పిలుపు ఎప్పుడు వచ్చునో తెలియదు. వచ్చునప్పటికి ఎవరి వంతు జరుగుచుండునో అదియు తెలియదు.

కల్పిత యంత్రము పుట్టుక

1960 దశకములో కంప్యూటరు ఒక గది నిండుగ ఉండెడిది; దాని వెలయు అట్లే యుండెడిది. దానిపై ఒక్కరే పనిచేయుట దుబారా. మసాచుసెట్స్ లోని కేంబ్రిడ్జిలో ఐ.బి.ఎం. శాస్త్ర కేంద్రమువారు ఒక ఉపాయము పన్నిరి. వాడుకరులందరకు ఒక యంత్రమును పంచుటకు మారుగా, ప్రతివానికి ఒక పూర్తి యంత్రమే ఉన్నట్లు భ్రమ కల్పించుట ఆ ఉపాయము. వారి సి.పి.-40 అను వ్యవస్థ 1967లో వాడుకలోనికి వచ్చెను. దాని సంతతియైన వి.ఎం./370ని ఐ.బి.ఎం. 1972లో అందరకు ప్రకటించెను.

ఈ భ్రమ కల్పించు ప్రోగ్రామునకు హైపర్‌వైజర్ అని పేరు. ఆ రోజులలో ఆపరేటింగ్ సిస్టమును సూపర్‌వైజర్, అనగా పర్యవేక్షకుడు, అనెడివారు. ఆ పర్యవేక్షకులకు పైవాడు గనుక వీడు హైపర్‌వైజర్ అయినాడు. దాని క్రింద నడచు కల్పిత యంత్రమును అతిథి అనుట వాడుక.

సిస్టమ్/360 యంత్రములలో అంతరాయములు ఐదు తరగతులు. పిలుపు వచ్చినపుడు ప్రాసెసరు తన 64 బిట్ల స్థితిపదమును మెమరీ ఆరంభమున నిర్ణీతమైన ఒక గడిలో పెట్టి, నిర్ణీతమైన మరియొక గడి నుండి క్రొత్త స్థితిపదమును తీసికొనును. హైపర్‌వైజర్ నిజమైన పిలుపును తాను అందుకొని, అది ఏ అతిథికి చెందినదో తేల్చి, ఆ అతిథి యొక్క కల్పిత మెమరీలోని గడులలో అవే మార్పులను స్వయముగా చేసెడిది. అతిథికి మేలుకొనుసరికి తన ప్రాసెసరే పిలుపును అందుకొన్నట్లు కనబడును. ఈ పనిని ఆ యంత్రములవారు "ప్రతిఫలింపజేయుట" అనిరి. పేరు చక్కగా కుదిరినది: నిజమైన పిలుపు ఒకచోట పడును, దాని నీడ మరియొకచోట కనబడును.

1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు కల్పిత యంత్రమునకు ఉండవలసిన లక్షణములను గణిత భాషలో నిర్ణయించిరి. అతిథి నిజయంత్రముపై ఎట్లు నడచునో ఇచటను అట్లే నడువవలెను. ఆదేశములలో అధిక భాగము నడుమ ఎవరి ప్రమేయము లేక నేరుగా ప్రాసెసరుపై జరుగవలెను. అయినను యంత్ర వనరులపై పెత్తనము హైపర్‌వైజర్ చేయి దాటరాదు. మూడును సబబైనవే; కాని అంతరాయముల వద్ద ఈ మూడును ఒకదానితో నొకటి కలహించును. పెత్తనము నిలువవలెనన్న ప్రతి పిలుపు హైపర్‌వైజర్ చేతికి రావలెను. వేగము నిలువవలెనన్న రాకుండవలెను.

మూయని తలుపు

అతిథి తలుపు మూయదలచినపుడు నిజమైన తలుపు మూతపడరాదు. మూతపడినచో తక్కిన అతిథుల పిలుపులును, హైపర్‌వైజర్ సొంత పిలుపులును వాకిటనే ఆగిపోవును. కనుక అతిథిని తక్కువ హోదాలో నడుపుదురు. ఆ హోదాలో అతిథి "తలుపు మూయుము" అను ఆదేశమును చేయబోయినంతనే ప్రాసెసరు దానిని అడ్డుకొని హైపర్‌వైజరును పిలుచును. హైపర్‌వైజర్ తన పుస్తకములో "ఈ అతిథి తలుపు మూసినాడు" అని వ్రాసికొనును. ఆ గుర్తు ఉన్నంతసేపు అతనికి పిలుపులు అందింపదు. నిజమైన తలుపు మాత్రము తెరచియే యుండును. ఐ.బి.ఎం. యంత్రములపై ఈ పద్ధతి చక్కగా నడచినది.

ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసరులపై నడువలేదు. వానిలో తలుపు మూయుటకు రెండు దారులు కలవు. నేరుగా మూయు ఆదేశము సి.ఎల్.ఐ.; తక్కువ హోదాలో దీనిని చేసినచో ప్రాసెసరు అడ్డుకొనును. రెండవది పాప్ఎఫ్ అను ఆదేశము. ఇది పూర్వము దాచిన గుర్తులన్నిటిని మరల యథాస్థానమున పెట్టును. ఆ గుర్తులలో తలుపు బిట్టును కలదు. తక్కువ హోదాలో దీనిని చేసినచో ప్రాసెసరు తక్కిన గుర్తులను మార్చి, తలుపు బిట్టును మాత్రము మార్చక విడిచిపెట్టును. అడ్డుకొనదు, తప్పనదు, ఎవరికిని చెప్పదు. తలుపు మూసితినని అతిథి నమ్మును. హైపర్‌వైజరునకు ఆ సంగతియే తెలియదు కనుక పిలుపును అందించును. అది సరిగా అతిథి తన పట్టికలను సగము సవరించిన సమయమున వచ్చి పడినచో పట్టిక చెడును, యంత్రము నిలిచిపోవచ్చును. లేక, నిలువక తప్పు లెక్కలతో సాగవచ్చును. రెండవదే ఎక్కువ ప్రమాదము.

ఇట్టి మూగ ఆదేశములు పెంటియం ప్రాసెసరులో పదునేడు కలవని 2000లో రాబిన్, ఇర్విన్ అను పరిశోధకులు లెక్కించి చూపిరి. అప్పటికే వి.ఎం.వేర్ సంస్థ 1999లో ఈ చిక్కును దాటు మార్గము కనుగొన్నది. అతిథి ఆపరేటింగ్ సిస్టము ఆదేశములను నడుపుటకు ముందే చదివి, మూగ ఆదేశములకు బదులు మాటాడు ఆదేశములను పెట్టి నడుపుటయే ఆ మార్గము. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు 2003లో ప్రకటించిన జెన్ అను హైపర్‌వైజర్ వేరుదారి పట్టినది. అతిథికి నిజము చెప్పివేసినది: "నీవు కల్పితుడవు, తలుపు మూయదలచినచో ప్రాసెసరును తాకక, ఇద్దరకు కనబడు ఈ మెమరీ గడిలో ఒక గుర్తు పెట్టుము." ఇది చవుకయైన పద్ధతి, కాని అతిథి ప్రోగ్రామును మార్చి వ్రాయవలసి వచ్చెను. చివరకు ఇంటెల్ 2005లోను, ఎ.ఎం.డి. 2006లోను ప్రాసెసరులోనే అతిథి స్థితి అను ప్రత్యేక స్థితిని ఏర్పరచిరి. ఆ స్థితిలో అతిథి తలుపు వేరు, నిజమైన తలుపు వేరు. అతిథి పాప్ఎఫ్ చేసినను మారునది అతని తలుపే.

ఒక కబురు ప్రయాణము

ఈ సౌకర్యము గల యంత్రములో నెట్‌వర్కు నుండి ఒక కబురు వచ్చినపుడు జరుగు తతంగమును చూడవచ్చును. లినక్స్ లో 2007 నుండి భాగమైన కె.వి.ఎం. అను హైపర్‌వైజర్ నడచు యంత్రమును ఉదాహరణముగా తీసికొన్న చాలును.

ప్రాసెసరు అతిథి పనిలో నున్నది. నెట్‌వర్కు కార్డు పిలిచినది. వెంటనే ప్రాసెసరు అతిథిని వదలి హైపర్‌వైజరులోనికి వచ్చును. దీనిని నిష్క్రమణ అందురు. అతిథి స్థితియంతయు భద్రపరచబడును. హైపర్‌వైజర్ స్థితి తిరిగి నెలకొనును. కార్డు తెచ్చిన కబురును చూచి, అది ఏ అతిథిదో చిరునామాను బట్టి నిర్ణయించి, అతని వరుసలో పెట్టుదురు. అతని కల్పిత ద్వారపాలకుని పుస్తకములో "ఫలాని సంఖ్య పిలుపు వేచియున్నది" అని గుర్తు పెట్టుదురు. అటుపిమ్మట అతిథిలోనికి మరల ప్రవేశించునపుడు ప్రాసెసరునకు ఒక చీటీ యిత్తురు: "లోనికి పోయినంతనే ఈ సంఖ్యగల పిలుపు వచ్చినట్లు నటింపుము." ప్రాసెసరు అట్లే చేయును. అతిథి తన పట్టికను చూచి తన ప్రోగ్రామును నడుపును.

అతిథి తలుపు మూసియున్నచో? చీటీ ఇచ్చుటకు వీలులేదు. అపుడు హైపర్‌వైజర్ మరియొక కోరిక కోరును: "అతిథి తలుపు తెరచిన క్షణముననే నన్ను పిలువుము." తలుపు తెరచుకొనినంతనే ఇంకొక నిష్క్రమణ, చీటీ, ప్రవేశము. చివరకు అతిథి పని ముగించి "ఈ పిలుపు ముగిసినది" అని తన ద్వారపాలకునితో చెప్పును. ఆ ద్వారపాలకుడు కల్పితుడు గనుక, ఆ మాట వినుటకు హైపర్‌వైజరే రావలెను. మరియొక నిష్క్రమణ!

ఒక్క పిలుపునకు రెండు, మూడు నిష్క్రమణలు. ఒక్కొక్కటి చిన్నదే. లెక్క కొరకు ఒక నిష్క్రమణమునకును, దాని వెంట హైపర్‌వైజర్ చేయు పనికిని కలిపి ఒక మైక్రోసెకండు, అనగా సెకండులో పదిలక్షవ వంతు, పట్టునని అనుకొన్నచో, మూడింటికి మూడు మైక్రోసెకండులు. నెట్‌వర్కు తీగ వేగము సెకండునకు వేయికోట్ల బిట్లు. దీనినే పది గిగాబిట్లందురు. ఆ తీగపై పూర్తి పరిమాణము గల ఒక కబురు, నడుమ ఎడముతో సహా, 1,538 బైట్లు, అనగా 12,304 బిట్లు. భాగించి చూచినచో సెకండునకు సుమారు 8 లక్షల 12 వేల కబురులు. కబురునకొక పిలుపైనచో, ఒక సెకండులో వచ్చు కబురులకు సుమారు 2.4 సెకండుల పని! ఒక ప్రాసెసరు తన కాలమంతయు వాకిటనే గడపినను చాలదు. పాఠము మాట చెప్పనక్కరలేదు.

కబురునకొక పిలుపు చొప్పున నిజయంత్రములును పిలువవు. కార్డు కొన్ని కబురులను కూడబెట్టి ఒక్కమారు పిలుచును. 50 మైక్రోసెకండులకు ఒకమారు పిలిచినచో సెకండునకు 20,000 పిలుపులు. మూడు మైక్రోసెకండుల చొప్పున ప్రాసెసరు కాలములో నూటికి ఆరు వంతులు. ఇది భరింపదగినదే. కాని ఉచితము కాదు: ముందు వచ్చిన కబురు 50 మైక్రోసెకండుల వరకు వేచియుండవలెను. సినిమా చూచువానికి ఈ జాగు లెక్కలోనిది కాదు. ఒక ప్రశ్నకు సమాధానము చెప్పుటకు పది యంత్రములు ఒకదాని నొకటి వరుసగా అడుగవలసిన చోట జాగులన్నియు కూడుకొనును.

వెనుకబడిన గడియారము

అన్ని పిలుపులలో వింతయైనది గడియారపు పిలుపు. పాత ఆపరేటింగ్ సిస్టములు కాలమును పిలుపులు లెక్కించి తెలిసికొనెడివి. లినక్స్ 2.6 తొలి రూపములు ఎక్స్86 యంత్రములపై సెకండునకు వేయి పిలుపులు కోరెడివి. వేయి పిలుపులైనచో ఒక సెకండు గడచినట్లు. నిజయంత్రముపై ఇది తప్పదు.

కల్పిత యంత్రమునకు వంతు రానపుడు అది నిద్రించును. నిద్రించుచున్నట్లు దానికి తెలియదు. ముప్పది మిల్లీసెకండులు వంతు రాలేదనుకొనినచో ముప్పది గడియారపు పిలుపులు కూడియుండవలెను. కాని ద్వారపాలకుని పుస్తకములో ఒక్కొక్క సంఖ్యకు "వేచియున్నది" అను ఒక్క బిట్టే కలదు. ఎన్ని వేచియున్నవో వ్రాయుటకు చోటులేదు. అతిథి మేలుకొని ఒకటే అందుకొనును, ఇరువదితొమ్మిది పోయినవి. ఇట్లు నూటికి ఒక్క పిలుపు పోయినను, దినమునకు 86,400 సెకండులు గనుక, గడియారము 864 సెకండులు, అనగా 14 నిమిషముల 24 సెకండులు వెనుకబడును. బ్యాంకు లెక్కలు వ్రాయు యంత్రములో ఇది నవ్వులాట కాదు.

పోయిన పిలుపులను లెక్క పెట్టియుంచి, అతిథి మేలుకొన్న పిమ్మట వరుసగా గబగబ అందించు పద్ధతిని కొందరు అనుసరించిరి. అపుడు అతిథి గడియారము కొంతసేపు పరుగెత్తును. అంతలో అతిథి తానే కాలము పోయినదని గ్రహించి సవరించుకొన్నచో, సవరణ రెండుమారులు జరిగి గడియారము ముందునకు పోవును! నేడు అనుసరించు మార్గము వేరు. కాలమును పిలుపులతో లెక్కింపక, హైపర్‌వైజర్ వ్రాసియుంచిన గడిలో అతిథి చూచి తెలిసికొనును. ఈ ఒక్కచోట అతిథికి తాను కల్పితుడనని తెలియనిచ్చుటయే అందరకు మేలైనది.

గడియారమునకు మరియొక దోషము కలదు. ఏ పనియు లేని అతిథులు నూరుగురున్నను, ఒక్కొక్కరికి సెకండునకు వేయి చొప్పున లక్ష పిలుపులు. మూడు మైక్రోసెకండుల లెక్కన ఒక ప్రాసెసరు కాలములో నూటికి ముప్పది వంతులు. ఇదంతయు "ఏమియు జరుగలేదు" అని చెప్పుటకు! 2007లో లినక్స్ పనిలేని సమయమున గడియారపు పిలుపును ఆపివేయు ఏర్పాటు చేసికొన్నది.

మధ్యవర్తిని తప్పించుట

నెట్‌వర్కు కార్డును అతిథికే దత్తము చేయు పద్ధతి యొకటి వచ్చినది. కార్డు అతిథి మెమరీలో నేరుగా వ్రాయును, చదువును. ప్రతి కబురును హైపర్‌వైజర్ ముట్టుకొననక్కరలేదు. కాని కార్డు పిలుపు మాత్రము హైపర్‌వైజర్ ద్వారానే రావలసియుండెను. సరుకు నేరుగా ఇంటికి చేరి, చేరినదన్న కబురు మాత్రము ఊరంతయు తిరిగి వచ్చినట్లున్నది.

ఇశ్రాయేలులోని ఐ.బి.ఎం. పరిశోధనాలయము, టెక్నియాన్ విద్యాసంస్థ వారు 2012లో ఒక చక్కని ఉపాయమును ప్రకటించిరి. పిలుపులన్నిటిని అతిథికే వదలివేయుదురు. కాని అతిథి నిజముగ వాడు 256 గడుల పట్టికను హైపర్‌వైజర్ తయారుచేసియుంచును. అందులో అతిథి కార్డునకు చెందిన గడి మాత్రమే సరియైనది. తక్కినవి "లేవు" అని గుర్తుపెట్టినవి. అతిథి పిలుపు వచ్చినచో నేరుగా అతనికే చేరును. ఇతరుల పిలుపు వచ్చినచో ప్రాసెసరు లేని గడిని చూచి తడబడి, ఆ తడబాటే నిష్క్రమణయై హైపర్‌వైజరును పిలుచును. పరికరములను ఎక్కువగా వాడు అతిథుల వేగము 1.3 నుండి 1.6 రెట్లు పెరిగి, నిజయంత్రపు వేగములో నూటికి 97 నుండి 100 వంతులకు చేరినట్లు వారి కొలతలు చూపినవి. క్రొత్త సామగ్రి ఏమియు లేక, ఉన్న పట్టికనే తిరుగవేసి సాధించిన ఈ ఫలితము ప్రశంసింపదగినది.

సామగ్రియే మారుటకు ఎక్కువ కాలము పట్టలేదు. 2013లో వచ్చిన ఇంటెల్ సర్వరు ప్రాసెసరులలో కల్పిత ద్వారపాలకుని పుస్తకమును ప్రాసెసరే నిర్వహించు ఏర్పాటు కలదు. "ఈ పిలుపు ముగిసినది" అను మాటకు నిష్క్రమణ అవసరము పోయినది. దీనితో పాటు టపాపెట్టె వంటి పద్ధతి వచ్చినది. ఒక్కొక్క అతిథి ప్రాసెసరునకు మెమరీలో 64 బైట్ల పెట్టె యుండును. అందులో 256 సంఖ్యలకు 256 బిట్లు. పిలుపు పంపువారు తగిన బిట్టును ఒకటి చేసి, "పెట్టె చూడుము" అను ప్రత్యేక సంకేతమును పంపుదురు. ప్రాసెసరు ఆ సమయమున ఆ అతిథి పనిలోనే యున్నచో, అతిథిని వదలకయే పెట్టె తెరచి అందులోని పిలుపులను అతనికి అందించును. హైపర్‌వైజర్ నిద్ర చెడదు. తరువాత పరికరములే ఈ పెట్టెలో నేరుగా వేయు ఏర్పాటును వచ్చినది. ఎ.ఎం.డి. ప్రాసెసరులలో దీనికి పోలిన ఏర్పాటునకు ఎవిక్ అని పేరు.

అయితే, పిలుపు ఉత్తరముగా మారినచో ఉత్తరము ఎవరైనను వ్రాయవచ్చును గదా. అతిథికి దత్తమైన కార్డు మెమరీలో వ్రాయగలదు. పిలుపు అనగా ప్రత్యేక చిరునామాకు వ్రాయుటయే. కావున దుర్బుద్ధిగల అతిథి తన కార్డు చేత ఆ చిరునామాకు తనకిష్టమైన సంఖ్యను వ్రాయించి, దొంగ పిలుపులను ఆతిథ్యమిచ్చిన యంత్రముపైననే పడవేయవచ్చును. 2011లో వోయ్‌చుక్, రుట్కోవ్‌స్కా అను పోలెండు పరిశోధకులు ఈ దాడి సాధ్యమని చేసి చూపిరి. దీనికి విరుగుడు, పరికరములకును ప్రాసెసరునకును నడుమ తపాలా తనిఖీ పెట్టుట. పరికరము తన ఉత్తరములో సంఖ్యను వ్రాయదు. హైపర్‌వైజర్ పట్టికలోని ఒక వరుసను మాత్రమే పేర్కొనును. ఆ వరుస నిజముగ ఆ పరికరమునకు కేటాయించినదేనా అని తనిఖీ చూచి, అక్కడ వ్రాసియున్న సంఖ్యనే ముందునకు పంపును. ఈ తనిఖీ లేని యంత్రములో పరికరమును అపరిచితునికి దత్తము చేయుట క్షేమము కాదు.

పెట్టె యున్నను, అతిథి నిద్రించుచున్నపుడు పిలుపు వచ్చినచో హైపర్‌వైజరే లేచి వానికి వంతు ఇప్పింపవలెను. ఇంకొక పిలుపు కలదు. దానిని హైపర్‌వైజర్ ఏ అతిథికిని అప్పగింపదు. అది తన సొంత గడియారపు పిలుపు. అతిథి తలుపు మూసికొని అంతులేని ఆవృత్తిలో పడినను, ఆ పిలుపు వచ్చినంతనే నిష్క్రమణ జరిగి ప్రాసెసరు హైపర్‌వైజర్ చేతికి వచ్చును. తరువాతి అతిథికి వంతు దొరకును.